కొంగకు కాలు పెట్టే చోటు లేని కొలను: గుంటూరులో ఒక కోయి పాండ్ కేస్ స్టడీ

గుంటూరు ఊరి చివర, ఇళ్లు అయిపోయి పొలాలు మొదలయ్యే చోట ఉన్న ఇల్లు అది. యజమాని మిర్చి వ్యాపారి. ఇంటి పెరటి తోటలో అంతకుముందు ఎవరో కట్టి ఇచ్చిన కోయి కొలను, అంటే జపాన్ రంగు చేపల కొలను ఉంది. అందులో 22 చేపలు వదిలారు. ఇలాంటి కొలనులు కట్టే నన్ను పిలిచేనాటికి 9 మిగిలాయి. ఆయన ఫోన్లో చెప్పింది ఒక్కటే మాట: "చేపలు మాయమైపోతున్నాయండీ, ఎవరో పట్టుకెళ్తున్నారు."

ఆ "ఎవరో" అన్న మాట ఇంట్లో పెద్ద టెన్షనే పెట్టింది. రాత్రిళ్లు కాపలా ఉండే వాచ్‌మన్ మీద అనుమానం పడింది. మంచి రంగు తేలిన కోయి ఒక్కొక్కటి వేలల్లో పలుకుతుంది, బయట అమ్ముకుంటున్నాడేమోనని వాళ్ల సందేహం. యజమాని తల్లిగారు మాత్రం ఒప్పుకోలేదు. "అతను అలాంటి మనిషి కాదు బాబూ. నువ్వు సరిగ్గా చూసి చెప్పు, ఆ తర్వాతే ఏదైనా" అన్నారు నాతో. కొలను బాగుచేయడం కంటే ముందు ఈ సంగతి తేల్చాలని అప్పుడే అనుకున్నాను.

పాత కొలను 12 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. ఫొటోలో చాలా బాగుంటుంది. అంచులన్నీ పళ్లెంలా లోపలికి వాలుగా దిగుతాయి, వాటి మీద గులకరాళ్లు పరిచారు, మధ్యలో మాత్రం రెండున్నర అడుగుల లోతు. లెక్కవేస్తే 4 వేల లీటర్లకు మించి నీళ్లు లేవు. పెరిగిన కోయికి ఒక్కోదానికి కనీసం వెయ్యి లీటర్లు కావాలి. ఇవి మన చెరువుల్లో పెరిగే బంగారుతీగ చేపకు దగ్గర చుట్టాలు. జపాన్‌లో నీగాటా ప్రాంతపు రైతులు 19వ శతాబ్దంలో రంగుల కోసం ఎంచి ఎంచి పెంచిన రకాలు. అడుగున్నర, రెండు అడుగుల దాకా పెరుగుతాయి, ఇరవై ముప్ఫై ఏళ్లు బతుకుతాయి. అక్వేరియం చేపల లెక్కలో వీటిని చూడకూడదు.

చేపలు పోతున్నాయని ఎవరు చెప్పినా నేను ముందు అడిగే ప్రశ్న: చచ్చిన చేప దొరికిందా, దొరకలేదా? ఈ రెండూ వేర్వేరు కేసులు. ఇక్కడ పోయిన 13 చేపల్లో నాలుగు దొరికాయి, తొమ్మిది అసలు కనపడలేదు. దొరికిన నాలుగింటిలో మూడు మే నెలలో, తెల్లవారేసరికి నీళ్ల మీద తేలినవి. ఒకటి గడ్డిలో పడి ఉంది. ఒంటి మీద గాటు లేదు, చీమలు మాత్రం పట్టాయి. పిల్లి పని అయితే తల దగ్గరో కడుపు దగ్గరో కొరికి వదిలేసేది. ముంగిస పని అయినా పొలుసులు చెల్లాచెదురుగా పడి ఉండేవి. ఒళ్లు చెక్కుచెదరకుండా గట్టు మీద పడిందంటే ఆ చేప తనంతట తానే ఎగిరి పడిందన్నమాట. నీళ్లలో ఊపిరాడకపోయినా, చేపల విసర్జనలోంచి వచ్చే అమ్మోనియా మంట పుట్టించినా కోయి అలా ఎగురుతుంది.

కాబట్టి ఆ నాలుగింటినీ చంపింది నీళ్లే. 25 డిగ్రీల నీళ్లలో లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 35 డిగ్రీలకు వచ్చేసరికి అది 7కు లోపే. గుంటూరు ఎండకు రెండడుగుల నీళ్లు వేడెక్కడానికి ఎంతసేపు? దానికి తోడు పచ్చటి నాచు. పగలు ఆక్సిజన్ ఇచ్చే ఆ నాచే రాత్రంతా దాన్ని వాడేసుకుంటుంది. అందుకే తెల్లవారుజామున నాలుగూ ఐదు గంటల మధ్య చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. ఆ వేళలో కరెంటు పోయి గాలి పంపు ఆగితే ఇక అంతే. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది. ఫ్యాన్లకు, లైట్లకు ఇచ్చారు గానీ కొలను పంపుకు ఇవ్వలేదు.

మిగిలిన తొమ్మిదీ వేరే కథ. ఆనవాలు లేకుండా పోయాయంటే మింగేసేదో, ఎత్తుకెళ్లేదో వచ్చి ఉండాలి. మనిషి కూడా ఆ లెక్కలోకే వస్తాడు. మిగిలిన చేపల్ని వలతో పట్టి ఒక్కొక్కటిగా చూశాను. రెండింటికి వీపు మీద ఒక పక్కన లోతైన పోటు ఉంది, కత్తెర మొనతో పొడిచినట్టు. మనిషి వలతో పడితే అలాంటి గాయం కాదు. నీటికాకి పట్టి జారవిడిచినా ఒంటికి రెండు వైపులా గీరిన చారలుంటాయి, వంకీ ముక్కు గుర్తు అది. ఒకే పోటు అంటే కొంగ జాతి పక్షి గురితప్పిన దెబ్బ. ఇంకో గుర్తు కూడా ఉంది. మేత వేస్తే చేపలు పైకి రావడం లేదు. దాడి జరిగిన కొలనులో చేపలు కొన్ని రోజులపాటు అడుగున ఒకచోట గుంపుకట్టి బిక్కుబిక్కుమంటూ ఉంటాయి.

ఇంట్లోవాళ్లు అంటారూ, "పగలంతా మేం ఇక్కడే ఉంటాం, ఒక్క కొంగ కూడా రావడం చూడలేదు" అని. నిజమే. గేటు వైపు తిరిగి ఉన్న సీసీ కెమెరాల్లో ఒకదాన్ని కొలను మీదికి తిప్పించాను. రెండో రాత్రే దొరికింది. తెల్లవారుజామున మూడు దాటాక పొట్టి మెడ, బరువైన ఒళ్లు, నల్లటి నడినెత్తి ఉన్న పక్షి ఒకటి వచ్చి ఆ గులకరాళ్ల వాలు మీద దిగింది. కదలకుండా చాలాసేపు నిలబడింది. తర్వాత ఒక్క పోటు. రాత్రి కొంగ అది. పగలు చెట్ల గుబురులో నిద్రపోయి, చీకటి పడ్డాక వేటకు బయల్దేరుతుంది. వాచ్‌మన్ గేటు దగ్గర కూర్చుంటాడు, కొలను ఇంటికి ఆ పక్కన ఉంది, అతనికి కనిపించే అవకాశమే లేదు. ఆ వీడియోను యజమాని చేత ఇంట్లో అందరి ముందూ పెట్టించాను, వాచ్‌మన్‌ను కూడా పిలిపించి. తల్లిగారు అతనికి తన చేత్తో కాఫీ ఇచ్చారు. ఈ కేసులో నాకు అన్నిటికంటే తృప్తి ఇచ్చిన పని అదే.

గుంటూరు వాళ్లకు పక్షుల సంగతి చెప్పనక్కర్లేదు. పక్కనే ఉప్పలపాడు ఉంది. ఊరి చెరువులోని చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నీటికాకులు, కంకణాలు గూళ్లు పెడతాయి. ఈ జాతి పక్షులు మేత కోసం గూటి నుంచి కిలోమీటర్ల దూరం ఎగిరి వెళ్తాయి. పై నుంచి చూసే పక్షికి వరి మడికీ, మన కొలనుకూ తేడా ఏముంటుంది? మడిలో దొరికేది మట్టి రంగు చేప, ఇక్కడ ఎరుపూ తెలుపూ మెరుస్తూ ఉంటుంది, అంతే. దానికి తోడు కోయిని మనం చేతి మేతకు అలవాటు చేస్తాం. నీడ పడితే పారిపోవలసిన చేప, నీడ చూసి దగ్గరికి వస్తుంది.

అదే కెమెరాలో ఇంకొకటి కూడా కనబడింది. పొంగు నీళ్లు పోయే పైపులోంచి నీళ్లపాము వచ్చి వెళ్తోంది. విషం లేనిదే, కానీ వేలెడు పిల్లల్ని వరసపెట్టి మింగుతుంది. దాన్ని కొట్టించేద్దామని ఒకరన్నారు. పక్కింటాయన కొంగ కోసం ఎయిర్‌గన్ ఇస్తానన్నారు. రెండింటికీ నేను గట్టిగా అడ్డుపడ్డాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం, అది ఒక కారణం. ఒక కొంగను చంపితే ఆ చోటుకు ఇంకోటి వస్తుంది, ఇది అసలు కారణం. తల్లిగారు అయితే, నాగుల చవితికి పుట్టలో పాలుపోసే ఇంట్లో పామును కొడతారా అని కొడుకును కోప్పడ్డారు.

మార్కెట్లో దొరికే ఉపాయాల గురించి ఇక్కడే చెప్పేస్తాను. పాత కొలను పక్కన ప్లాస్టిక్ కొంగ బొమ్మ ఒకటి నిలబెట్టి ఉంది, అది చూసి వేరే కొంగ రాదని. కొంగల్లో చాలా రకాలు గుంపుగా కూడా మేస్తాయి. బొమ్మను చూసి, ఇక్కడ మేత ఉందని దిగినా ఆశ్చర్యం లేదు. మెరిసే రిబ్బన్లకు, వేలాడదీసిన సీడీలకు కొద్ది రోజుల్లోనే అలవాటుపడిపోతాయి. నీళ్ల మీద నేరుగా పరిచే సన్న నైలాన్ వల ఇంకా చెడ్డది. నాలుగు రోజులకు బరువుకు సాగి మధ్యలో నీళ్లను తాకుతుంది, కొంగ దాని మీదే నిలబడి కన్నాల్లోంచి పొడుస్తుంది. పాములు అందులో చిక్కుకుని గిలగిలలాడి చస్తాయి.

అంచు నుంచి మొదలుపెట్టాం

కొంగ ఈదదు, మునగదు. నీళ్ల అంచున కాళ్లు ఆనించి నిలబడి వేటాడుతుంది. దానికి నిలబడే చోటు లేకుండా చేస్తే సగం పని అయిపోయినట్టే. ఇది కొలను ఆకారం గీసే రోజునే తేలిపోవలసిన విషయం. కట్టేశాక వలలు కొని కప్పితే ఆకారంలో ఉన్న లోపం పోదు. అందుకే పాతదాన్ని పూర్తిగా పగలగొట్టమని చెప్పాను. యజమానికి మొదట బాధ అనిపించింది, ఆ గులకరాళ్ల అంచు ఆయనకు చాలా ఇష్టం. ఆ రాళ్లను కొలను బయట నడకదారికి వాడతామన్నాక ఒప్పుకున్నారు.

కొత్త కొలను లోపలి కొలత 16 అడుగులు, 9 అడుగులు. గోడలు నిట్టనిలువు, ఎక్కడా మెట్టు లేదు, వాలు లేదు. గోడ పైనుంచి అడుగుదాకా ఐదున్నర అడుగులు. అందులో నీళ్లు నాలుగున్నర అడుగులు, పైన అడుగు ఖాళీ. అంటే 18 వేల లీటర్ల చిల్లర. ఆ అడుగు ఖాళీ ఊరికే వదిలింది కాదు. గోడ మీద నిలబడిన పక్షికి నీళ్లు అందవు, ఎగిరే చేప బయటపడదు. గోడను నేల నుంచి రెండు అడుగులు పైకి లేపాం. దీంతో పెరటి వాన నీళ్లు, గడ్డికి కొట్టిన మందు కొలనులోకి రావు. ఇంట్లో నాలుగేళ్ల మనవడు ఉన్నాడు కాబట్టి ఆ ఎత్తు వాడి కోసం కూడా. పై బండను లోపలికి మూడు అంగుళాలు, బయటికి రెండు అంగుళాలు పొడుచుకు వచ్చేలా వేయించాను. లోపలి చూరు కింద చేపలకు నీడ. బయటి చూరు, నున్నగా తీసిన గోడ పామును పైకి పాకనివ్వవు.

నేల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఇటు పనిచేసేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఆ స్థలం నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బెత్తెడు వెడల్పు నెర్రెలు ఇస్తుంది. పాత కొలను ఇటుక గోడకు మూడు చోట్ల పగుళ్లు రావడానికి కారణం అదే. కారిన నీళ్లు పక్క మట్టిని ఇంకా ఉబ్బించాయి, అది గోడను ఇంకా నెట్టింది. మేము వేసవిలో, మట్టి పూర్తిగా ఎండి ఉన్నప్పుడు తవ్వాం. కావలసినదాని కంటే అడుగు లోతుగా, నాలుగు పక్కలా అడుగు వెడల్పుగా తీసి, ఆ నల్లమట్టిని స్థలం బయటికి పంపేశాం. దాని చోట గ్రావెల్ పొరలు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిస కొట్టించాం. పైన కాంక్రీటు బెడ్, ఆపైన రెండు వరసల ఇనుముతో 8 అంగుళాల ఆర్సీసీ గోడలు. గోడా అడుగూ కలిసే మూల దగ్గర నీళ్లు కారనివ్వని పట్టీ, వాటర్‌స్టాప్, పెట్టించాను. డ్రాయింగ్ స్ట్రక్చరల్ ఇంజినీరు చేతే వేయించాం. గోడను రెండడుగులు పైకి లేపడం వల్ల తవ్వకం మూడున్నర అడుగులకు తగ్గింది. నల్లరేగడిలో తగ్గిన ప్రతి అడుగూ లాభమే.

కొత్త సిమెంటు నీళ్లలోకి సున్నం వదులుతుంది. మొదటిసారి నింపినప్పుడు పీహెచ్, అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణం చెప్పే అంకె, 11 దగ్గర ఉంది. నింపడం, కొన్నాళ్లు ఉంచి వదిలేయడం, మళ్లీ నింపడం. కొందరు అరటి బోదె ముక్కలు వేసి నానబెడతారు, అదీ చేశాం. తర్వాత లోపల నీటితొట్లకు వాడే పూత వేయించాను. పీహెచ్ 8.2 దగ్గర నిలబడేదాకా ఒక్క చేపనూ వదలనివ్వలేదు. బోరు నీళ్లకు అంతకంటే తగ్గదు, తగ్గాల్సిన పనీ లేదు. పీహెచ్ మీద ఇంత పట్టుదల ఎందుకంటే, 30 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 8 ఉంటే మొత్తం అమ్మోనియాలో విషంగా మారేది 7, 8 శాతం. అదే పీహెచ్ 9 అయితే 45 శాతం దాకా పోతుంది. అదే మేత, అదే చేపలు, ఒక్క అంకె మారితే మొప్పలు కాలిపోతాయి.

ఫిల్టర్ గురించి పొడిగించను. కొలను అడుగు భాగం మధ్యకు వాలు, అక్కడ నాలుగంగుళాల డ్రెయిన్, మూడు గదులు, గంటకు 12 వేల లీటర్ల పంపు. గంటన్నరలో కొలను మొత్తం ఒకసారి తిరుగుతుంది. గాలి పంపు మాత్రం ఇన్వర్టర్ మీద. ఇది నా పనుల్లో మార్పులేని షరతు. అమ్మోనియాను తినే బ్యాక్టీరియా పట్టుకోవడానికి నెల పైనే ఆగాం. టెస్ట్ కిట్లకు దూరం పోనక్కర్లేదు, రొయ్యల సాగుకు మందులమ్మే ఆక్వా షాపుల్లో అన్నీ ఉంటాయి.

మూత

నిలువు గోడలు నడిచే కొంగను ఆపుతాయి. మునిగే నీటికాకిని, పై నుంచి దూకే లకుముకి పిట్టను ఆపలేవు. రొయ్యల చెరువుల మీద బర్డ్ ఫెన్సింగ్ అని దారాలు లాగుతారు. ఎకరాల చెరువుకు అది సరిపోతుంది గానీ, పదహారు అడుగుల కొలనుకు అంతకంటే గట్టిది పెట్టుకోవచ్చు. స్టెయిన్‌లెస్ స్టీల్ చట్రాలు నాలుగు చేయించాను. వాటికి అంగుళం కన్నాల వెల్డెడ్ మెష్. బిగుతుగా ఉంటుంది కాబట్టి సాగదు, పాము చిక్కదు. చట్రానికి మధ్యలో అడ్డకమ్మీలు వేయించి, పెద్ద మనిషి ఒకరు మీద నిలబడి చూశాకే బిగించాం. పిల్లవాడు గోడ ఎక్కి జారినా మెష్ మీదే పడాలి.

యజమాని భార్య డ్రాయింగ్ చూసి, "చేపల్ని జైల్లో పెట్టినట్టుంటుందండీ" అన్నారు. ఆవిడ మాటలో న్యాయం ఉంది. కంటికి ఆనందం ఇవ్వని కొలనును మూణ్నెల్ల తర్వాత ఎవరూ పట్టించుకోరు, అప్పుడు పట్టించుకోనితనమే చేపల్ని చంపుతుంది. అందుకని చట్రాలను గోడ మీద కాక, పై బండకు రెండంగుళాల కింద గాడిలో కూర్చోబెట్టాం, నల్ల రంగు పూతతో. వరండాలోంచి చూస్తే గోడ అంచు వాటిని దాచేస్తుంది. కీళ్లు ఉన్నాయి కాబట్టి సాయంత్రం అందరూ కూర్చునే వేళ రెండు చట్రాలు ఎత్తేస్తారు. చీకటి పడే ముందు మూసేస్తారు. ఆ మూసే బాధ్యత ఇప్పుడు వాచ్‌మన్‌దే, అతనే కోరి తీసుకున్నాడు.

పైన ఎనిమిదడుగుల ఎత్తులో సగం ఎండను ఆపే ఆకుపచ్చ షేడ్ నెట్. కొలను మీదికి వంగిన కొమ్మలు రెండు కొట్టించాం, లకుముకి పిట్ట కూర్చుని గురిచూసేది అక్కడి నుంచే. షేడ్ నెట్ క్లిప్పులతో ఊడదీసేలా ఉండాలి. 2023 డిసెంబర్ 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పటి గాలి గుర్తున్నవాళ్లెవరూ ఇక్కడ నెట్‌ను శాశ్వతంగా బిగించరు. పొంగు పైపు రెండు చివరలా సన్న స్టీలు జాలీ పెట్టాం. పాము దారి అక్కడితో మూసుకుంది. చేపపిల్లలు కాలవలోకి కొట్టుకుపోయే దారి కూడా మూసుకుంది. పరాయి చేపల్ని మన కాలవల్లోకి, కృష్ణలోకి వదలకూడదన్న విషయంలో నేను కచ్చితంగా ఉంటాను.

తల్లిగారికి పూజకు కలువలు కావాలి. కోయి ఉన్న నీళ్లలో కలువ బతకదు, దుంప దాకా తవ్వి పెకలిస్తాయి. పక్కనే వేరే సిమెంటు తొట్టి కట్టించి అందులో వేశాం. కొలను అడుగున ఒక చివర దిమ్మెల మీద నాపరాయి పరిచి చేపలకు చాటు చేశాం. రెండు వైపులా తెరిచి ఉంటుంది, లేకపోతే మురికి అక్కడే పేరుకుంటుంది.

ఇప్పటి పరిస్థితి

మిగిలిన 9 చేపలకు మరో 6 కలిపాం, 15 దగ్గర ఆపేశాం. కొత్తవాటిని ముందు వేరే తొట్టిలో నాలుగు వారాలు ఉంచాం, వెయ్యి లీటర్లకు మూడు కిలోల చొప్పున అయోడిన్ లేని కల్లుప్పు వేసి. ఉప్పు పరాన్నజీవులకు కొంతవరకు పనిచేస్తుంది. కోయి హెర్పిస్ వైరస్‌కు మందు లేదు, కొత్త చేపల్ని వేరుగా ఉంచి కనిపెట్టుకోవడమే దారి. ఎనిమిది అంగుళాల కంటే చిన్న చేపను కొనవద్దన్నాను. ఆ సైజు దాటితే లకుముకి పిట్ట, గుడ్డి కొంగ, నీళ్లపాము మూడింటి లెక్కలోంచీ బయటపడుతుంది.

కట్టిన తర్వాత ఒక నిండు వేసవి, ఒక వానాకాలం గడిచాయి. వేటకు ఒక్క చేప పోలేదు. మే మధ్యాహ్నాల్లో కూడా అడుగున ఉన్న నీళ్లు 31 డిగ్రీల దగ్గరే ఆగాయి. కెమెరాను అలాగే ఉంచమన్నాను. మొదటి వారాల్లో రాత్రి కొంగ వచ్చి, గోడ మీద అటూ ఇటూ నడిచి, ఎగిరిపోవడం అందులో ఉంది. తర్వాత రావడం తగ్గింది. లకుముకి పిట్ట కేబుల్ తీగ మీద ఇప్పటికీ కూర్చుంటుంది. పాము కలువ తొట్టి దగ్గర కప్పల కోసం తిరుగుతోంది, దాని జోలికి ఎవరూ పోవడం లేదు. చేపలు బెదురు తీరి మేతకు పైకి వస్తున్నాయి.

ఇంకా మిగిలిన పని ఒకటుంది. చేపలు గుడ్లు పెట్టడం మొదలుపెట్టాయి. పెద్ద చేపలే ఆ గుడ్లను తినేస్తున్నాయి, మిగిలిన పిల్లల్ని తూనీగ పురుగులు పడుతున్నాయి. నీళ్లలో పెరిగే తూనీగ పిల్లపురుగు దానంత పొడవున్న చేపపిల్లను పట్టి తినగలదు, అంగుళం మెష్ దాన్ని ఆపదు. ఈసారి గుడ్ల కాలానికి ముందే కొబ్బరి పీచు కుంచెలు కొలనులో వేలాడదీసి, గుడ్లు అంటుకోగానే వాటిని వెయ్యి లీటర్ల వేరే తొట్టిలోకి మార్చబోతున్నాం. ఆ తొట్టికి దోమతెర గుడ్డతో బిగుతైన మూత, నెమ్మదిగా నడిచే స్పాంజ్ ఫిల్టర్, ఇన్వర్టర్ నుంచి ఇంకో గాలి గొట్టం. తొట్టి ఇప్పటికే కట్టేశాం, నీళ్లు పోసి సున్నం వదిలిస్తున్నాం.